యంత్రానికి అక్షరాభ్యాసం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ధర్మపురిలో జరిగిన సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరుకు చూపు నేర్పే శాస్త్రాన్ని గురించి, అందులో విద్యార్థులు చేసిన పరిశోధనను గురించి మాట్లాడమని ఉత్సవ సంఘంవారు నన్ను ఆదేశించారు. ఒక ఇంజనీరింగు కళాశాలలో ఈ విషయాన్నే బోధిస్తున్నవాణ్ణి గనుక కాదనలేకపోయాను. అయితే సభకు రాగానే ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, తెలుగు మీడియంలో చదివితే మా పిల్లవాడికి కంప్యూటరు చదువు అబ్బుతుందా?" అని అడిగారు. ఆమె అడిగినది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలలో తెలుగు బడులలో తరగతికి తరగతి పలచబడుతూ ఉండడానికి వెనుక ఉన్న ప్రశ్న అదే. కనుక నాకిచ్చిన విషయాన్ని వదలకుండానే ఆ తల్లికి సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

మనం చూసినట్లు యంత్రం చూడదు. దానికి అందేది అంకెల పట్టిక మాత్రమే. మన ఆడపడుచులు వాకిట్లో ముగ్గుకు ముందు చుక్కలు పెడతారు గదా, ఛాయాచిత్రమంటే అటువంటి చుక్కల వరుస. ఒక్కొక్క చుక్కకు సున్న నుండి 255 వరకు ఒక అంకె. సున్న కారునలుపు, 255 తెల్లని తెలుపు. చుక్కలను కలిపితే తామరపువ్వు వస్తుందో నెమలి వస్తుందో ముగ్గు వేసే అమ్మాయికి తెలుసు. యంత్రానికి తెలియదు. లక్షల అంకెలలో నుండి పనికివచ్చే కొద్దిపాటి గుర్తులను ఏరి, వాటితో వస్తువును పోల్చుకోవడం దానికి నేర్పాలి. ఆ ఏరుకోవడాన్నే ఇంగ్లీషులో ఫీచర్ ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. రూపలక్షణాలను రాబట్టడం అని మనం చెప్పుకోవచ్చు.

'లక్షణం' అన్న మాటను నేను ఊరకే వాడలేదు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకొన్న దీపికలో లక్షణానికి ఉండరాని మూడు దోషాలు చెప్పాడు. ఆవు అంటే ఏమిటి? కపిలవర్ణం కలది అంటే తెల్లావు, నల్లావు తప్పిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములు కలది అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట కలది అంటే ఏ ఆవుకూ సరిపడదు, అది అసంభవం. మెడ కింద గంగడోలు కలది అన్నప్పుడు లక్షణం సరిగా కుదురుతుంది. నా తరగతిలో మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇదే. మన తోటల రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తోతాపురి కాయను దూరాన్నుండి గుర్తుపట్టేది రంగును బట్టి కాదు, కొసన చిలకముక్కులా వంగిన మొనను బట్టి. పండినా పచ్చిగా ఉన్నా రంగు మారుతుంది గాని ముక్కు మారదు. వెలుతురు మారినా, కోణం మారినా, పరిమాణం మారినా చెదరని గుర్తే మంచి లక్షణం.

ఇక ఆ గుర్తులు ఎలా దొరుకుతాయో చూద్దాం. చాలా సులువైన లెక్క. ఒక వరుసలో చుక్కల అంకెలు 240, 238, 235, 60, 52, 50 అని ఉన్నాయనుకోండి. పక్కపక్క అంకెల తేడాలు తీస్తే 2, 3, 175, 8, 2 వస్తాయి. 175 ఉన్నచోట తెలుపు ముగిసి నలుపు మొదలయింది. అక్కడ ఒక అంచు ఉంది. మూడో తరగతి తీసివేతలతో యంత్రానికి కంటిచూపులో మొదటి మెట్టు దొరికిపోయింది. మిగిలినదంతా దీనికి మెరుగులే.

ఆ మెరుగులు దిద్దినవారిలో ఎక్కువమంది విద్యార్థులు కావడం ఈ సభలో నేను నొక్కి చెప్పదలచిన విషయం. 1963లో అమెరికాలోని ఎంఐటీలో లారెన్స్ రాబర్ట్స్ అనే విద్యార్థి, దిమ్మెల ఛాయాచిత్రాల నుండి అంచులు తీసి వాటి త్రిమితీయ రూపాన్ని గుర్తించే విధానాన్ని డాక్టరేటు సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. ఈ శాస్త్రానికి అదే పునాది అంటారు. 1966లో అదే సంస్థలో సీమోర్ పాపర్ట్, వేసవి సెలవుల్లో పనిచేసేవారితో దృష్టి వ్యవస్థలో చెప్పుకోదగ్గ భాగాన్ని నిర్మింపజేయాలని ప్రణాళిక వేశాడు. ఆ వేసవి వెళ్లి అరవై ఏళ్లు కావస్తున్నది, పని ఇంకా ముగియలేదు! 1968లో స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్న ఇర్విన్ సోబెల్, మూడు వరుసలు మూడు నిలువులు గల చిన్న గళ్లపట్టికతో అంచును కనుగొనే సూత్రం చెప్పాడు. ఇప్పటికీ మా ప్రయోగశాలలో పిల్లలు మొదట రాసే ప్రోగ్రాం అదే. జాన్ కానీ 1983లో తన మాస్టర్స్ పట్టా కోసం రాసిన వ్యాసం, అంచుల వెతుకులాటకు నేటికీ ప్రమాణంగా నిలిచి ఉంది.

హాన్స్ మోరవెక్ కథ కొంత వినోదంగా ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఒక బండికి కెమెరా బిగించి, అడ్డంకులు తప్పించుకొంటూ దానంతట అదే నడిచేటట్లు చేయబూనాడు. 1979లో ఆ బండి కుర్చీలు వేసిన ఒక గదిని దాటడానికి సుమారు 5 గంటలు పట్టింది. మన ఎడ్లబండి ఆపాటికి పెన్నాగరం చేరి ఉండేది. అయినా ఆ నత్తనడకలో ఒక విలువైన సంగతి బయటపడింది. గోడలోని సన్నని సందులోనుండి ఒక నిలువు కంబాన్ని చూస్తే, కంబం పైకి జరిగిందో కిందికి జరిగిందో చెప్పలేము. అదే కిటికీ మూల కనబడితే, అది ఎటు జరిగినా తెలిసిపోతుంది. అంచుకంటె మూల బలమైన గుర్తు. 1988లో ఇంగ్లండులో క్రిస్ హ్యారిస్, మైక్ స్టీఫెన్స్ అనేవారు ఈ ఆలోచనను చక్కని గణితంగా మలిచారు. తరువాత కెనడాలో డేవిడ్ లోవ్ ఇంకా ముందుకు వెళ్లి, ఒక్కొక్క గుర్తు చుట్టూ ఉన్న ప్రదేశాన్ని 16 గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో 8 దిక్కుల అంచులను లెక్కగట్టి, 128 అంకెల చీటీ తయారు చేశాడు. చిత్రాన్ని తిప్పినా, పెద్దది చేసినా ఆ చీటీ దాదాపుగా మారదు. సిఫ్ట్ అనే పేరుతో దాన్ని ప్రపంచమంతా వాడింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తెలుగు అక్షరాన్ని యంత్రానికి చూపిస్తే ఏమవుతుంది?

మన ఊరి బజారులో నిలబడితే తమిళం బోర్డు కనబడుతుంది, హోసూరు దారిలో కన్నడం బోర్డు, తెలుగు బోర్డు కూడా కనబడతాయి. ఈ మూడింటిని మన పిల్లలు పుట్టుకతో వచ్చిన విద్యలా వేరుచేస్తారు. ఎలాగని అడిగితే చెప్పలేరు. తమిళంలో 'ట', 'ప' అక్షరాలు నిలువు గీత, అడ్డ గీతలతో ఏర్పడ్డవి. వాటి అంచుల దిక్కులు లెక్కపెడితే రెండు దిక్కులే గుట్టగా పోగవుతాయి. తెలుగు అక్షరం గుండ్రన, దాని అంచులు అన్ని దిక్కులకూ ఇంచుమించు సమంగా పంచుకొని ఉంటాయి. కన్నడం కూడా గుండ్రనే, కాని కన్నడానికి తలపై అడ్డగీత, తెలుగుకు ఏటవాలు తలకట్టు. తమిళంలోని గీతలు, కన్నడం తలగీత, తెలుగు తలకట్టు అనే మూడు లక్షణాలు ఇక్కడే దొరికాయి. ఏకభాషా ప్రాంతంలో పెరిగిన విద్యార్థి వీటిని పుస్తకంలో చదివి తెలుసుకోవాలి.

తెలుగులోనే చిక్కులు చాలా ఉన్నాయి. 'ద'కు అడుగున చిన్న గీత చేరితే 'ధ', ఇంకా మధ్యలో చుక్క చేరితే 'థ'. 'ర' పొట్టలో చుక్క పడితే 'ఠ'. పాత పుస్తకంలో కాగితం మీది మచ్చ కూడా చుక్కలాగే ఉంటుంది. మచ్చ ఏదో చుక్క ఏదో యంత్రానికి ఎవరు చెబుతారు? 'జ', 'ట', 'ణ', 'బ', 'ల' వంటి అక్షరాలకు తలకట్టు ఉండదు గనుక, తలకట్టు ఉన్నదే తెలుగక్షరం అంటే అవ్యాప్తి దోషం వచ్చిపడుతుంది. అన్నంభట్టు మనలను వదలడు!

ఈ చిక్కులను విప్పడానికి పూనుకొన్నవారిలో మొదట తలచుకోవలసినవారు రాజశేఖరన్, బులుసు లక్ష్మణ దీక్షితులు గారలు. అచ్చు తెలుగు అక్షరాలను కంప్యూటరుతో గుర్తించే విధానాన్ని వారు 1977లోనే ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. అక్షరానికి అంటుకొన్న గుర్తులను ముందుగా విడదీసి, మిగిలిన మూలరూపం వెంబడి నడిచి దాని వంపులను సంకేతాలుగా రాయడం వారి మార్గం. పలకమీద బలపం తిప్పించి నేర్పే మన పంతుళ్ల పద్ధతికి అది చాలా దగ్గర. దీక్షితులుగారు తరువాత హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు, ఉపగ్రహ చిత్రాలను చదవడంలో దేశానికి దారి చూపారు. అక్షరాన్ని చదివించిన విద్యే అడవిని, చెరువును, పంటపొలాన్ని చదివించింది.

2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయం నుండి అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి, కృష్ణ అనే ముగ్గురు ఒక పత్రం సమర్పించారు. దానిని కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. నా దృష్టిలో అందులోని ఆలోచన చాలా అందమైనది. 36 హల్లులకు 16 అచ్చులు చేరితే 576 గుణింతపు రూపాలు. ఒక్కోదానికి 36 వొత్తులలో ఏదైనా చేరవచ్చు అనుకొంటే 20 వేలు దాటుతాయి. అన్నీ వాడుకలో లేకపోయినా, అచ్చులో కనబడే వేర్వేరు రూపాలు సుమారు 10 వేలు ఉంటాయని వారి అంచనా. ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి కలిపి 52. అన్ని వేల రూపాలు యంత్రానికి నేర్పడం అయ్యే పని కాదని చాలామంది చేతులెత్తేసిన చోట వీరు అక్షరాన్ని అక్షరంగా చూడడం మానేశారు. కాగితం మీద సిరా ఒకదానితో ఒకటి అంటుకొని ఉన్న ముక్కలుగా చూశారు. వొత్తు సాధారణంగా అక్షరానికి అంటకుండా కింద విడిగా ఉంటుంది. తలకట్టు కూడా చాలాచోట్ల విడిగానే ఉంటుంది. అలా ముక్కలుగా లెక్కిస్తే 10 వేలు కాస్తా 370కి దిగివచ్చాయి! ముక్కలను గుర్తించి, తరువాత వాటిని అక్షరాలుగా కూర్చుకోవచ్చు. గుణింతం, వొత్తు ఎక్కడెక్కడ చేరతాయో ఒకటో తరగతి నుండి తెలిసినవారికి ఇది సహజంగా తట్టే ఊహ.

ఆ పద్ధతితో నూటికి 92 పాళ్లు సరిగా వచ్చాయని వారు రాశారు. వినడానికి ఘనంగానే ఉంది. కాని వెయ్యి ముక్కలున్న పుటలో 80 తప్పులంటే అచ్చు దిద్దేవాడికి కన్నీళ్లే. అందుకే పని ఆగలేదు. 2003లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి చెందిన జవహర్ బృందం హిందీ, తెలుగులను కలిపి చదివే విధానాన్ని ప్రకటించింది. 2004లో అరుణ్ పూజారి బృందం వేవ్‌లెట్లనే గణితంతో మరో దారి తొక్కింది. ఎదుటనున్న పుస్తకం నుండే దాని అచ్చు తీరును నేర్చుకొని మిగిలిన పుటలు చదవడం అందులోని విశేషం.

ఇంతలో ఈ శాస్త్రం మొత్తం ఒక్కసారిగా మలుపు తిరిగింది. అప్పటివరకు అంచు, మూల, వంపు అంటూ ఏ లక్షణం చూడాలో మనిషి చెప్పేవాడు. 1959లో హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లి మెదడులో ఒక్కో దిక్కు గీతకు ఒక్కో కణం స్పందించడం గమనించారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని అనుసరించి 1980లో జపానులో ఫుకుషిమా, 1989లో అమెరికాలో యాన్ లెకున్, చేతిరాత అంకెలను చదవడానికి పొరలు పొరలుగా ఉండే కృత్రిమ నాడీజాలాలను నిర్మించారు. లక్షణాలను మనం చెప్పనక్కరలేదు, ఉదాహరణలు చూపిస్తే యంత్రమే వెతుక్కుంటుందన్నది అందులోని ఆలోచన. చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. 2012లో టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, ఇల్యా సుట్‌స్కేవర్, గురువు జెఫ్రీ హింటన్‌లతో కలిసి 12 లక్షల చిత్రాలతో అటువంటి జాలానికి శిక్షణ ఇచ్చాడు. వాడినవి కంప్యూటరు ఆటలకు అమ్మే రెండు గ్రాఫిక్స్ కార్డులు. శిక్షణ నడిచింది తల్లిదండ్రుల ఇంట్లోని అతని గదిలో. పోటీలో రెండో స్థానం వారి తప్పులు 26.2 శాతం ఉండగా వీరివి 15.3 శాతమే.

మూడేళ్లకే ఆ అల తెలుగును తాకింది. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో సంఖ్యాశాస్త్ర పరిశోధక విద్యార్థి రాకేశ్ ఆచంట, తన గురువు ట్రెవర్ హేస్టీతో కలిసి నాడీజాలంతో తెలుగు అచ్చును చదివే వ్యవస్థను ప్రకటించాడు. అందులోనూ ముందు పని ముక్కలను విడదీయడమే. చివరి పని, ఏ ముక్క తరువాత ఏ ముక్క రావచ్చునో భాషను బట్టి ఊహించడం. స్టాన్‌ఫర్డ్‌లో కూర్చుని పనిచేసినా గుణింతం రానివాడికి అది సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడ పిల్లలు నన్ను ఒక ప్రశ్న వేయవచ్చు. "ఫోను చూపిస్తే తెలుగు బోర్డు చదివేస్తోంది, తెలుగు వికీసోర్సులో పాత పుస్తకాలు యంత్రమే చదివి ఇస్తోంది, ఇంక మేము చేయడానికేముంది?" అని. న్యాయమైన ప్రశ్నే. కొత్త అచ్చును యంత్రం బాగా చదువుతున్నది, సందేహం లేదు. అయితే పాత పుస్తకంలోని అరసున్నను అది మచ్చ అనుకొని వదిలేస్తుంది, లేదా నిండుసున్న చేస్తుంది. బండి ఱను, దంత్యమైన చజలపై గుర్తులను తికమక పడుతుంది. చేతిరాత అయితే మరీ కష్టం. మన మ్యూజియంలోని వీరగల్లుల వంటి రాళ్ల మీది రాత సంగతి చెప్పనే అక్కరలేదు. అక్కడ సిరా లేదు, గాటు మీద పడిన నీడే అక్షరం. వెలుతురు ఒక పక్క నుండి పడితే ఒక అక్షరం, మరో పక్క నుండి పడితే ఇంకొకటి. బెంగుళూరులో మిథిక్ సొసైటీవారు శాసనాలను త్రిమితీయంగా స్కాన్ చేసి ఈ చిక్కు విప్పుతున్నారు.

యంత్రం తానే లక్షణాలు వెతుక్కుంటుంది గనుక మనం నిశ్చింతగా ఉండవచ్చునా? 2016లో మార్కో రిబేరో అనే విద్యార్థి, తన గురువులతో కలిసి చేసిన ప్రయోగం వినండి. తోడేళ్ల చిత్రాలన్నింటిలో మంచు ఉండేటట్లు, పెంపుడు కుక్కల చిత్రాలలో మంచు లేకుండా ఉండేటట్లు కావాలనే ఏర్చి యంత్రానికి నేర్పారు. తరువాత అది దేన్ని చూసి తోడేలు అంటున్నదో పరీక్షిస్తే, చూస్తున్నది జంతువును కాదు, వెనుకనున్న మంచును! అతివ్యాప్తికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. యంత్రం ఎంపిక చేసుకొన్న లక్షణం సరైనదా కాదా అని తరచి చూడగలవాడు పక్కన ఉండాలి. చూపించే ఉదాహరణలు సరైనవై ఉండాలి.

ఆ తల్లికి నా సమాధానం ఇక్కడ ఉంది. అమ్మా, యంత్రానికి పాఠం చెప్పాలంటే ప్రతి చిత్రం పక్కన అందులో ఏముందో మనిషి రాసి ఇవ్వాలి. తెలుగు పుటకు ఆ పని తెలుగు చదువగలవాడే చేయాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో 1958లో ఇంజనీరింగు పట్టా పొందిన రాజ్ రెడ్డిగారికి 1994లో ట్యూరింగు పురస్కారం వచ్చింది. ఆసియాలో పుట్టినవారిలో ఆ గౌరవం మొదట అందుకొన్నది ఆయనే. మాట వినే యంత్రాలు ఆయన పరిశోధన. తరువాతి కాలంలో లక్షల పుస్తకాలను స్కాన్ చేయించే ఉద్యమానికీ ఆయనే పెద్దదిక్కు. పల్లెటూరి తెలుగు ఆయనకు అడ్డురాలేదు. ఇంగ్లీషు నేర్వవద్దని నేను అనడం లేదు. పరిశోధన పత్రాలు ఆ భాషలోనే ఉన్నాయి, తప్పక నేర్వాలి. తమిళం ఎలాగూ వస్తుంది, 2006 చట్టం తరువాత బడిలోనూ తప్పనిసరి. మూడు లిపులు వచ్చిన పిల్లవాడు ఈ విద్యలో ఒక మెట్టు పైనుండే మొదలుపెడతాడని నా నమ్మకం.

దీనికి మరో వైపు కూడా ఉంది. మన బీరువాలో 75 ఏళ్ల ప్రవేశ పట్టికలు, పిల్లలు చేత్తో రాసిన లిఖిత పత్రికలు ఉన్నాయి. కొన్నింటి అంచులు చిదపలు తగిలి రాలిపోతున్నాయి. మన తాతల ఇళ్లలో తెలుగులో రాసిన పద్దు పుస్తకాలు, ఉత్తరాలు, భూమి కాగితాలు ఉన్నాయి. వాటిలోని తెలుగు కోస్తా తెలుగు కాదు, పత్రికల తెలుగు కాదు. తమిళం, కన్నడం కలిసిన ఈ సీమ తెలుగు. హైదరాబాదు యంత్రానికి ఆ మాటలు తెలియవు, తెలిసినదానికి దగ్గరగా దిద్దిపారేస్తుంది. అది దిద్దింది తప్పని చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. పాతికేళ్ల తరువాత ఉంటారా అన్నది మన బడిలో ఒకటో తరగతిలో ఎంతమంది చేరతారన్న దానిమీద ఆధారపడి ఉంది.

కనుక పూర్వ విద్యార్థి సంఘం ముందు ఒక చిన్న ప్రతిపాదన ఉంచుతున్నాను. గ్రంథాలయంలో కిటికీ పక్కన ఒక బల్ల, ఒక ఫోను, దాన్ని కదలకుండా నిలిపే స్టాండు చాలు. మొదట లిఖిత పత్రికలు తీసుకొందాం. పుటను బల్లమీద పరిచి, నీడ పడకుండా నేరుగా పైనుండి ఫొటో తీయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు వారానికి పది పంక్తులు ఎత్తి రాయాలి. ఉన్నది ఉన్నట్లు రాయాలి, తప్పులు దిద్దరాదు. ఒకరు రాసినదాన్ని మరొకరు సరిచూడాలి, ఇద్దరికీ భేదం వస్తే తెలుగు మాస్టరుగారిదే తీర్పు. ఇళ్లలోని కాగితాలను ఇంటివారి అనుమతి లేకుండా తీయకూడదు. భూమి వివరాలు, అప్పుల లెక్కలు ఉన్నవాటిని అసలే కలపకూడదు. ఏడాది చివర పోగైన పంక్తులతో, పన్నెండో తరగతి పిల్లల చేత మొదట సోబెల్ గళ్లపట్టికను కాగితం మీద లెక్క కట్టించి, ఆ తరువాతనే కంప్యూటరు ముట్టనిస్తాను. సెలవు రోజుల్లో వచ్చి ఆ పాఠం చెప్పే పూచీ నాది. స్టాండు కొనిస్తానని మిత్రుడొకరు ఇందాకే చెవిలో చెప్పారు. బీరువా తాళం ప్రధానోపాధ్యాయులవారి దగ్గర ఉంది, వారు ఎప్పుడు తెరిస్తే అప్పుడు మొదలుపెడదాం.